అద్దెకు ఇల్లు కావాలండీ!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఉద్యోగాలూ బదిలీలూ లేవు గనక అంతటితో ఆపేశారు కాబోలు. ఉండి ఉంటే, ‘బదిలీ అయిన ఊళ్ళో ఆఫీసు దగ్గర అద్దె ఇల్లు వెతికి చూడు’ అని మూడో ముక్క కూడా తప్పకుండా చేర్చేవారు.

మా అమలాపురంలో ఈ మూడో ముక్క సంగతి 2022 నుంచి అందరికీ బాగా తెలిసివచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు, తూర్పు గోదావరి నుంచి విడిపోయి కోనసీమ వేరే జిల్లా అయింది. అమలాపురం జిల్లా కేంద్రమైంది. అంతవరకూ కలెక్టరుగారి ఆఫీసులో పని ఉంటే కాకినాడ పరుగెత్తేవాళ్ళం. ఇక ఆ బాధ తప్పిందని సంబరపడ్డాం. కలెక్టరేటు వచ్చింది, పోలీసు సూపరింటెండెంటుగారి ఆఫీసు వచ్చింది, వాటి వెనకాలే ఒక్కొక్క శాఖా వచ్చింది. అయితే ఆఫీసులకి బల్లలూ కుర్చీలూ వచ్చినంత తేలిగ్గా ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళకి ఇళ్ళు రావు గదా! 2011 జనాభా లెక్కల నాటికి ఇది 53 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు. చుట్టూ కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు. ఊరు ఎటు పెరగాలన్నా తోట కొట్టాలి, లేదా చేను పూడ్చాలి. ఉన్న ఇళ్ళకే గిరాకీ పెరిగింది.

ఇల్లు దొరకనివాళ్ళకి చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చే సలహా ఒకటుంది. ‘‘కాకినాడలో సొంతిల్లు ఉందిగా, రోజూ వచ్చి వెళ్ళరాదూ?’’ అని. వంతెనలు లేని రోజుల్లో ఈ మాట అనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వైనతేయ. కోటిపల్లి రేవులో పంటెక్కి ముక్తేశ్వరంలో దిగాలంటే గాలీ వానా అన్నీ అనుకూలించాలి. అందుకని కోనసీమలో ఉద్యోగమైతే మాస్టార్లయినా గుమాస్తాలయినా ఇక్కడే ఏ మండువా ఇంట్లోనో ఒక వాటా పుచ్చుకుని కాపురం పెట్టేవారు. పడకకి ఒక గది, వంటకి కాస్త వసారా, నుయ్యి ఉమ్మడి. ఇంటావిడతో చనువూ ఉమ్మడే, తగువూ ఉమ్మడే! 2002లో యానాం-ఎదుర్లంక వంతెన పడ్డాక కాకినాడ దగ్గరైంది. దగ్గరంటే ఎంతనుకున్నారు? అరవై పైచిలుకు కిలోమీటర్లు. బస్సు కోసం నిలబడే సేపు కూడా కలుపుకుంటే పోను రెండు గంటలు, రాను రెండు గంటలు.

ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. రోజుకి 4 గంటలు. నెలకి 24 పనిరోజులు. మొత్తం 96 గంటలు. ఎనిమిది గంటలకి ఒక పనిదినం చొప్పున చూస్తే 12 రోజులు! అంటే జీతం రాని డ్యూటీ నెలలో పన్నెండు రోజులు చేస్తున్నట్టు. ‘‘ఆడవాళ్ళకి బస్సు ఉచితమేగా’’ అనవచ్చు మీరు. నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. చాలామందికి అది పెద్ద ఊరట, కాదనను. కాని ఆ నాలుగు గంటలు ఎవరు తిరిగి ఇస్తారు?

మగవారు ఏడింటి బస్సుకి వెళ్ళాలంటే ఆరింటికి లేస్తే సరిపోతుంది. ఆడది నాలుగున్నరకి లేవాలి. టిఫిను, వంట, పిల్లల క్యారేజీలు, మామగారి మందులు అన్నీ సర్ది, తను తిందో లేదో చూసుకోకుండా బస్సెక్కాలి. రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరితే సింకులో పొద్దుటి గిన్నెలు ఎదురుచూస్తూ ఉంటాయి. అందుకే నేననేది ఏమిటంటే, ఉద్యోగం చేసే ఆడదానికి ఆఫీసు దగ్గర ఇల్లు ఒక సుఖం కాదు, అది ఆమె జీతంలో ఒక భాగం. ఇల్లు ఖాళీగా పెట్టుకుని కూడా ‘లేదు’ అనేవాళ్ళు ఆమె జీతంలో కోత వేస్తున్నారన్నమాటే.

ఎందుకు లేదంటారో నేను కళ్ళారా చూశాను. రెండేళ్ళ క్రితం వేసవిలో శ్రీకాకుళం వైపు నుంచి ఒక అమ్మాయి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. తెలిసినవాళ్ళెవరో మా ఇంటి గుర్తులు చెబితే వచ్చి, ‘‘పిన్నిగారూ, మీరు ఊళ్ళోవాళ్ళు గదా, నాతో రండి’’ అంది. నాలుగు ఆదివారాలు తిరిగాం. ఎర్రవంతెన నుంచి నల్లవంతెన దాకా, గడియారస్తంభం వెనక సందులు, ఈదరపల్లి వైపు, ఎక్కడ టులెట్ బోర్డు కనిపిస్తే అక్కడ.

‘‘ఇల్లు ఖాళీ ఉందాండీ?’’

‘‘ఆయ్, ఉందండి. మేడమీద రెండు గదులు. ఎవరికండీ?’’

‘‘ఈ అమ్మాయికండి.’’

‘‘మరి మిగతావాళ్ళండీ?’’

‘‘ఒక్కతేనండి. ఇక్కడ ఉద్యోగం.’’

అంతే, అప్పటిదాకా చేతిలో ఆడిన తాళంచెవి కొంగున ముడిపడిపోయింది. ‘‘ఫామిలీకే ఇద్దామనుకుంటున్నామండి, ఏమనుకోకండి.’’

ఇంకోచోట గదులు చూపించారు, అద్దె చెప్పారు, మంచినీళ్ళు ఇచ్చారు. గ్లాసు కింద పెట్టబోతుంటే, ‘‘ఇంతకీ మీరేవుట్లమ్మా?’’ అన్నారు. మీది ఏ కులం అని అడగడానికి మా వైపు మాట అది. ఆ పిల్ల దాచకుండా చెప్పింది. ఇంటావిడ ఒక్క క్షణం ఆగి, ‘‘అన్నట్టు మర్చేపోయాను, మా అబ్బాయి విజయవాడ నుంచి వచ్చేస్తానంటున్నాడండి’’ అంది. ఆ తర్వాత రెండు నెలలు ఆ గుమ్మానికి టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. అబ్బాయికి ఇంకా బస్సు దొరకలేదు కాబోలు!

వేరొకచోట ‘‘నీచు వండకూడదు’’ అన్నారు. పులస వచ్చిందంటే వీధి వీధంతా గుప్పుమనే కోనసీమలో! నిజంగా ఆచారం ఉన్నవాళ్ళు ఆ మాట బోర్డు మీదే రాస్తే ఎవరికీ శ్రమ ఉండదు, నేను తప్పూ పట్టను. కాని కొందరికి అది ఆచారం, కొందరికి ఊరికే ఒక సాకు. ఆ సంగతి వాళ్ళ వంటింటి వాసనే చెబుతుంది.

ఇల్లుగలవాళ్ళ భయాలు నేను ఎరగనివి కావు. అద్దె సరిగా ఇస్తారో లేదో, ఖాళీ చెయ్యమంటే చేస్తారో లేదో. ఒకాయన నాతో, ‘‘ఒంటరి పిల్లమ్మా, రేపేదైనా జరిగితే మా గుమ్మంలోకి పోలీసులు’’ అన్నారు. ‘‘బాబుగారూ, ఇదివరకు మీ ఇంట్లో కరెంటు బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి లారీ ఎక్కినవాళ్ళు ఫామిలీయే కదండీ’’ అన్నాను. ఆయన నవ్వేశారు గాని ఇల్లు మాత్రం ఇవ్వలేదు.

కులం సంగతి ఎత్తితే ఈ ఊళ్ళో ఇప్పటికీ కొందరు గొంతు తగ్గిస్తారు. జిల్లాకి అంబేద్కరుగారి పేరు పెట్టే విషయమై 2022 మే 24న ఇక్కడ ఇళ్ళు తగలబడ్డాయి. ఆ ఏడాదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు స్థిరపడింది. జిల్లా బోర్డు మీద ఆ పేరు చదువుకుంటూ ఆఫీసుకి వెళ్ళే అమ్మాయికి, ఆ ఆఫీసు పక్క వీధిలో ఇల్లు దొరకకపోతే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టంగా వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన శాసనం ఒకటుంది. అంటరానితనం పేరుతో ఒకరిని ఏ పేటలోనూ నివాసం ఉండకుండా చెయ్యరాదని అందులోని నాలుగో సెక్షను చెబుతుంది. అయితే ‘మా అబ్బాయి వస్తున్నాడు’ అనేవాళ్ళ మీదికి ఆ చట్టం పట్టుకుని ఏం వెళ్తాం? రాని అబ్బాయికి సాక్ష్యం ఎక్కడ తెస్తాం? ఒక్కటి మాత్రం గమనించాను. అసలు కారణం పైకి అనకూడదని ఆ ఇంటావిడకి తెలుసు. తెలియకపోతే అబ్బాయిని మధ్యలోకి తెచ్చేది కాదు.

నాలుగో ఆదివారం తర్వాత మేం బోర్డులు చూడ్డం మానేశాం. పాలు పోసే అతన్ని, ఇస్త్రీ బండి దగ్గర, కిరాణా కొట్టులో అడగడం మొదలుపెట్టాం. ఎవరింట్లో ఎవరున్నారో, ఏ మేడ మీద ఏ గదికి తాళం ఉందో వాళ్ళకి తెలిసినంత మునిసిపాలిటీకి కూడా తెలియదు. ఇస్త్రీ చేసే అతనే చెప్పాడు, రిటైరైన టీచరమ్మగారు ఒకరు ఒక్కరే ఉంటున్నారు, పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు, పైగది ఖాళీ, బోర్డు మాత్రం పెట్టలేదు అని. ఆవిడ ఆ పిల్లని మూడే ప్రశ్నలు వేశారు. ఏ ఆఫీసు? సాయంత్రం ఎన్నింటికి వస్తావు? రాత్రిపూట నాకు ఒంట్లో బాగా లేకపోతే పిలిస్తే పలుకుతావా? రెండు నెలల అద్దె అడ్వాన్సు తీసుకుని తాళంచెవి చేతిలో పెట్టారు.

అక్కణ్ణుంచి ఆఫీసుకి నడిచి పన్నెండు నిమిషాలు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి వేడన్నం తింటుంది. బస్సులో పోవలసిన ఆ గంటలతో ఏం చేస్తోందంటారా? డిపార్ట్‌మెంటల్ పరీక్షలకి చదువుతోంది. రెండు పేపర్లు అయిపోయాయి.

ఇక కుటుంబంతో వచ్చేవాళ్ళకీ ఒకటి రెండు సంగతులు చెప్పాలి. గదులు విశాలంగా ఉన్నాయని మురిసిపోయి అడ్వాన్సు చేతిలో పెట్టకండి. మా వైపు ముందు చూడవలసింది నీళ్ళు. బోరు నీళ్ళు పుక్కిట పోసుకుని చూడండి. సముద్రం దగ్గర్లో ఉన్న సీమ ఇది, ఒక వీధిలో తియ్యగా ఉంటే ఇంకో వీధిలో పప్పు ఉడకనివ్వని ఉప్పదనం. పైగా వేసవిలో కాలువలు కట్టేస్తారు. నవంబరులో నిండుగా కనిపించిన నీళ్ళు మే నెలలో ఏమవుతాయో పక్కింటివాళ్ళని అడగండి, ఇంటివాళ్ళని కాదు. తాగడానికి నీళ్ళ టిన్నులు కొనుక్కోవలసి వస్తే ఆ ఖర్చు కూడా అద్దెలో కలిపే లెక్క చూసుకోండి.

తర్వాత గుమ్మం ఎత్తు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు గనక పాత ఇళ్ళు చాలా వీధి కన్న కిందకి దిగిపోయాయి. గోడకి అడుగు ఎత్తున తడి చార ఉందంటే, ఎంత కొత్త రంగు వేసినా, ఆ ఇంటి కథ అర్థమైపోతుంది. అద్దె తక్కువని ఏటిగట్టుకి దగ్గరగానో లంక గ్రామాల్లోనో చూసేవాళ్ళు 1986 ఆగస్టు వరదలోను, 2022 జులై వరదలోను నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అడిగి తెలుసుకోండి. 2022లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఎత్తు చూసినవాళ్ళు ప్రతి లంకలోనూ ఉన్నారు, చేత్తో చూపిస్తారు. ఇంకొకటి, ఇంటి నుంచి ఆఫీసుకి పగలు కాదు, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి నడిచి చూడండి. దీపాలు ఎక్కడిదాకా ఉన్నాయో, కుక్కలు ఎక్కణ్ణుంచి ఉన్నాయో తెలుస్తుంది.

రెండు వాటాలకీ కలిపి ఒకటే కరెంటు మీటరైతే మాత్రం జాగ్రత్త. అందరి యూనిట్లూ కలిసి పై శ్లాబులోకి పోతాయి. మీరు రెండు దీపాలు వెలిగించుకున్నా కింద వాటావారి ఏసీ ధరే మీకూ పడుతుంది. వేరే మీటరు ఉందో లేదో ముందే అడగాలి.

కాగితం రాసుకోవడం అంటే మన ఆడవాళ్ళకి మొహమాటం. ‘‘ఇంత మంచివాళ్ళతో కాగితాలేమిటండీ’’ అంటాం. మంచిగా ఉన్నప్పుడే రాసుకోవాలి సుమండీ. అద్దె ఒప్పందాన్ని మామూలుగా అందరూ పదకొండు నెలలకి రాస్తారు. పాత పన్ను విధానంలో ఇంటద్దె మినహాయింపు కోరుకునేవాళ్ళకి రసీదులు కావాలి, ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటివారి పాన్ నంబరూ కావాలి. ఈ మాట మొదటి రోజే చెప్పండి. మార్చి నెలలో అడిగితే మొహాలు మాడిపోతాయి. అడ్వాన్సు ఎంత అనేది ఊరి అలవాటును బట్టి నడుస్తోంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాసపు ఇంటికి రెండు నెలల అద్దెకు మించి తీసుకోరాదనీ, 24 గంటల ముందు చెప్పకుండా ఇంటివారు అద్దె వాటాలోకి రాకూడదనీ రాశారు. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటే తప్ప అది అమల్లోకి రాదు. అయినా మీ కాగితంలో ఆ రెండు ముక్కలూ రాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గదా.

ఇల్లు వెతకడానికి నన్నడిగితే ఆషాఢానికి ముందు వారాలు మంచివి. శూన్యమాసంలో పాలు పొంగించరు గనక మారదలచుకున్నవాళ్ళు ముందే మారిపోతారు, ఇళ్ళు ఖాళీ అవుతాయి. పట్టింపు లేనివాళ్ళకైతే ఆషాఢంలోనే అద్దె ఓ మెట్టు దిగుతుంది.

ఇది చదువుతున్నవారిలో మేడమీద గది ఖాళీగా ఉన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఈసారి టులెట్ బోర్డు రాయించేటప్పుడు అద్దె ఎంతో, అడ్వాన్సు ఎంతో, నీళ్ళు ఏ వేళకి వస్తాయో దాని మీదే రాయించండి. చోటు మిగిలితే కింద ‘ఒంటరి ఉద్యోగినులకు కూడా ఇవ్వబడును’ అని ఒక్క వరుస వెయ్యమనండి. బోర్డు రాసేవాడు దానికి వేరే డబ్బు అడగడు.