ఛార్జి ఎవరి మీద?

(ధరణికోట పల్లెలో జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



బడిపంతుల్ని కాబట్టి ఇవాళ మీకు ఒక్క ఇంగ్లీషు మాట పాఠం చెప్పి కూర్చుంటాను. మీకు తెలిసిన మాటే: ఛార్జి. గుంటూరు పోవాలంటే బస్సు ఛార్జి. సెల్లుకి ఛార్జింగ్. కొత్త ఆఫీసరొస్తే ఛార్జి తీసుకున్నాడంటాం. ఆయన సెలవు పెడితే ఇంకొకాయన ఇన్‌ఛార్జి. మనం హక్కు అడిగి రోడ్డెక్కితే లాఠీఛార్జి. పోలీసులు కోర్టులో వేసేది ఛార్జిషీటు.

ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటి? దీని వేరు లాటిన్ భాషలో బండి అనే మాటలో ఉంది. బండికి బరువెత్తడం మొదటి అర్థం. టిక్కెట్టు డబ్బులు జేబుకి బరువు. ఉద్యోగం నెత్తికి బరువు. నేరం ముద్దాయికి బరువు. మనం కూడా నేరం ‘మోపడం’ అనే అంటాం కదా! జీవితమంతా మోపులు మోసిన మనకి ఈ అర్థం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అయితే బస్సు ఛార్జి, లాఠీఛార్జి మన మీద చప్పున పడతాయి. మనల్ని కొట్టినవాడి మీద పడాల్సిన ఛార్జే కదలదు. అందుకని ఈ తేడాలు గట్టిగా పట్టుకోండి.

కేసు కట్టడమంటే ఎఫ్‌ఐఆర్. దర్యాప్తు చేసి, సాక్షుల పేర్లు రాసి, పోలీసులు కోర్టుకిచ్చేది ఛార్జిషీటు. అది చూసి ఫలానా నేరాలకి విచారణ జరగాలని జడ్జిగారు నిర్ణయిస్తే ఛార్జి ఫ్రేమ్ చేయడం. ఈ మూడింట్లో ఏదీ శిక్ష కాదు. ఛార్జిషీటు పడిందని సంబరపడి ఇంటికాడ కూర్చుంటే సాక్ష్యం ఎవరు చెబుతారు?

1989 అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ చేశారు. దాని ప్రకారం 60 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలి. ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. కాబట్టి కేసు కట్టిన రోజు గోడమీద రాసిపెట్టుకుని లెక్కపెట్టండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

ఇంకో మాట, డిశ్చార్జి. ఆస్పత్రిలో డిశ్చార్జంటే మనిషి కోలుకుని ఇంటికొచ్చాడని. కోర్టులో ముద్దాయి డిశ్చార్జంటే విచారణ లేకుండానే వాడి నెత్తిమీద బరువు దింపేశారని! దాన్ని విని చల్లగా ఊరుకోవద్దు. ఆ వాదన జరిగేటప్పుడు బాధితుల మాట కూడా వినాలని అదే చట్టం చెబుతోంది.

ఇక బస్సు ఛార్జి. కూలి పోగొట్టుకుని వాయిదాలకి తిరగలేక ఎన్ని కేసులు చావట్లేదు? 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. అక్కడి మనవాళ్లు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని తమ ఊరికే తెప్పించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కింద గెలిచినా పైదాకా కాపలా కాయాల్సిందే. కోర్టు అన్ని ఊళ్లకీ రాదు కాబట్టి, 1995 నిబంధనల ప్రకారం బాధితులకీ సాక్షులకీ ప్రయాణ ఖర్చులు, రోజు భత్యం ప్రభుత్వమే ఇవ్వాలి. అది మీ హక్కు. ఎవరి దయా కాదు.

మన పక్కనే అమరావతి స్తూపం. దానికి రాయి దానమిచ్చినవాళ్లలో విధికుడనే చర్మకారుడున్నాడు. ఆయన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. ఆ తండ్రీకొడుకుల పేర్లు శాసనంలో చెక్కి ఉన్నాయి. రాతలో తన పేరు నిలుపుకున్న మనిషి ఈ నేలమీదే బతికాడు. మీరూ కాగితం చేతికొస్తే చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. మన సాక్షుల పేర్లు అందులో ఉన్నాయా లేవా చూడండి. ఛార్జి ఎవరి మీద పడిందో చూశాకే వేలిముద్ర వెయ్యండి.

జై భీమ్!