పాత ఫెల్టు టోపీల కాలనిర్ణయము



తాళపత్రగ్రంథ మొకటి చేతికి వచ్చినప్పుడు పండితుడు మొదట నడుగు ప్రశ్న "ఇది యెప్పటిది?" అనునది. ఇతరమగు పాతవస్తువుల విషయమునను ఆ ప్రశ్నయే పుట్టును. పాశ్చాత్యదేశముల పురుషులు పూర్వము ధరించిన ఫెల్టు టోపీలను సేకరించి, వాని కాలమును నిర్ణయించువారు అమెరికాలోను ఐరోపాలోను పెక్కురు గలరు. మనకు టోపీలతో నేమి పని యని తలంపవలదు. పాతవస్తువు నెట్లు ప్రశ్నింపవలయునో వారివలన మనమును గ్రహింపవచ్చును.

ఫెల్టనగా నేమి? మన గొంగళి నేసినది. దానికి పడుగు, పేక కలవు. ఫెల్టునకు నూలును లేదు, మగ్గమును లేదు. కుందేలు, బీవరు మొదలగు జంతువుల సన్నని బొచ్చునుగాని, గొఱ్ఱె యున్నినిగాని వేడినీట దడిపి మర్దించినచో, వెండ్రుకలపై గల సూక్ష్మములగు పొలుసు లొకదానితో నొకటి పెనగొని దళసరి పొరగా నేర్పడును. దానిని కొయ్య అచ్చుపై నెక్కించి టోపీగా దిద్దుదురు.

వీనిలో రకములు పెక్కులు. గుండ్రనై గట్టిగా నుండు బౌలరు టోపీ 1849లో లండనునందు బుట్టినది. ఫెడోరా యను పేరు 1882లో పారిసున బ్రదర్శింపబడిన సార్దూ నాటకమునుండి వచ్చినది. ఇటలీలోని అలెస్సాండ్రియా పట్టణమున బోర్సలీనో సంస్థ 1857లోను, అమెరికాలోని ఫిలడెల్ఫియాయందు స్టెట్సను సంస్థ 1865లోను వెలసినవి.

ఇక కాలనిర్ణయము. నన్నయభట్టు రాజరాజనరేంద్రుని యాస్థానమున నుండెను గావున 11వ శతాబ్దివాడని చెప్పుచున్నాము. కవికాలమును నిర్ణయించుటలో పూర్వావధి, ఉత్తరావధి యని రెండు హద్దు లేర్పఱచుకొందుము గదా! టోపీకిని అట్లే. టోపీని వెలికిలగా బట్టుకొని, లోపలి తోలు చెమటపట్టీని మెల్లగా నెత్తి చూచినచో, దాని వెనుక చిన్న కాగితపు చీటి కానవచ్చుట గలదు. అమెరికా టోపీలలో నది తఱచుగా కార్మికసంఘపు చీటి. టోపీపనివారి సంఘమును, కుళ్లాయిలు మొదలగునవి కుట్టువారి సంఘమును 1934లో నేకమైనవి. ఆ యేకసంఘపు పేరు చీటిపై నున్నచో టోపీ 1934నకు ముందుది కానేరదు. అస్తరుపై దుకాణపు చిరునామా యుండిన దానినిగూడ జదువవలయును. అమెరికా పెద్దనగరములలో తపాలా విభాగములకు అంకెలు 1943లో వచ్చినవి. ఐదంకెల సంఖ్య 1963లో వచ్చినది. ఊరిపేరు తరువాత ఒకటి రెండంకెలు మాత్రమే యున్నచో, ఆ యస్తరు 1943, 1963ల నడుమ నచ్చైనదని యూహింపవచ్చును. మిగిలిపోయిన పాత అస్తరులను తరువాతికాలమునను వాడియుందురు గనుక, ఈ యూహకు వేఱొక సాక్ష్యము తోడు కావలయును.

ఇందు రెండు పొరపాటులకు ఎడము గలదు. ముద్రలో 1865 అని యున్నంత మాత్రమున టోపీ యప్పటిది గాదు. అది సంస్థ పుట్టిన సంవత్సరము. గోత్రఋషి కాలమును బట్టి మునిమనుమని వయస్సు లెక్కింతుమా? రెండవది ప్రక్షిప్తము. పాత టోపీని బాగుచేయించునప్పుడు చెమటపట్టీని, రిబ్బనును, అస్తరును మార్చుట పరిపాటి. క్రొత్త పట్టీ తన కాలమునే చెప్పును గాని ఫెల్టు కాలమును జెప్పజాలదు. కావున ఫెల్టు, పట్టీ, కుట్టు, చీటి, చిరునామా యన్నియు నొక్కమాట చెప్పినప్పుడే నిర్ణయమునకు రావలయును. అమ్మువాని మాట సాక్ష్యములలో గడపటిది.

ఈ టోపీల చరిత్రలో దుఃఖభాగ మొకటి గలదు. కుందేటిబొచ్చు చక్కగా పెనగొనుటకై, పాదరసమును నత్రికామ్లమున గరగించి, ఆ ద్రవమును చర్మముపై బూసెడివారు. దాని యావిరిని మూసిన గదులలో బీల్చిన పనివారికి చేతులు వణకెడివి, మాట తడబడెడిది, మనస్సు చెదరెడిది. అమెరికాలో టోపీలకు బేరొందిన డాన్‌బరీ పట్టణమున ఆ వ్యాధికి "డాన్‌బరీ వణకు" అనియే పేరు వచ్చినది. ఆ దేశమున 1941లో ఈ పాదరసపు వాడుక మాన్పింపబడినది. అంతకు బూర్వపు టోపీలలో విషము నేటికిని మిగిలియుండవచ్చును. అట్టివానిని మూసిన గదిలో దులుపరాదు, ఆవిరి పట్టరాదు. పిల్లల తలలకు దొడుగరాదు. ముట్టిన పిదప చేతులు కడుగుకొనవలయును.

దాచుటయు తెలిసి చేయవలయును. చెదలు తాళపత్రముల కెట్టివో, చిమ్మెటపురుగులు ఫెల్టున కట్టివి. టోపీని తలక్రిందుగా నుంచినచో అంచు వంగదు. ఎండయు తేమయు దగులనీయరాదు.

1960ల తరువాత ఆ దేశములలో టోపీ ధరించు నలవాటు మిక్కిలి సన్నగిల్లినది. ధరించినవారు పోయిరి, వణకుచేతులతో జేసినవారును పోయిరి. వారి శ్రమకు చెమటపట్టీ వెనుకనున్న చిన్న చీటియే సాక్షి. మీ యింటి యటుకపై నేదేని పాతవస్తువున్నచో, దానిని తుడిచి క్రొత్తదిగా జేయుటకు ముందు దానిపై వ్రాతను జదువుడు. వ్రాత చెఱిగినచో కాలము చెప్పు సాక్షి నశించును.