మన కొండ మనం ఎక్కామా?



శనిమహాత్ముని దర్శనానికి పావగడ వచ్చే యాత్రికులు ఊరి మీది కొండకోటను కిందినుంచే చూసి బస్సెక్కుతారు. వాళ్లననడం ఎందుకు? ఉపాధ్యాయుణ్ణయిన నేనూ కొన్నేళ్లు దాన్ని తరగతి కిటికీలోంచే చూశాను. ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్లవాడు, "సార్, ఆంధ్రా ఎక్కడ మొదలవుతుంది?" అనడిగాడు. ఆ ఆదివారమే పిల్లలతో కొండెక్కాను.

పైనుంచి పిల్లలు సరిహద్దు గీత కోసం వెదికారు. ఎక్కడా లేదు. బండగుట్టలు, వేరుశనగ చేలు, చెరువుకట్టలు అటూ ఇటూ ఒకటే. కాని మరొకటి కనబడింది. గుట్టమీద పడిన వాన ఏ వంకలో దిగి ఏ చెరువు చేరాలో, ఆ వంకకు మనం ఎక్కడ అడ్డం పడ్డామో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. బోరునీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఈ కరువు తాలూకాకు ఇది చిన్న పాఠం కాదు.

తర్వాత నిడగల్లు దుర్గం చూడండి. 12, 13 శతాబ్దాల్లో అక్కడ ఏలిన చోళులు తాము కరికాలుని వంశమని చెప్పుకున్నారు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి కూడా వారి ఏలుబడిలోదే. అప్పుడూ గీత లేదు.

తెల్లవారగానే ఎక్కండి, ఎండ ముదరకముందే దిగండి. ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే గుట్టలివి, ఒంటరిగా వద్దు. తడిసిన బండ మీద అసలే వద్దు. కోటరాళ్ల మీద పేర్లు రాయకండి.

పండుగకు ఊరొచ్చిన పిల్లలను ఒక్కసారి పైకి తీసుకెళ్లండి. మీ చెరువు ఏదో, దానికి నీళ్లు ఎటునుంచి రావాలో వాళ్లనే కనిపెట్టమనండి.