బడిగదిలో చీనాదేశము: పుస్తకము, మొక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనగా, ఒక తరము చదువరులు పెరిగిరని అర్థము. అయితే రాబోవు తరము ఈ గడప త్రొక్కునా లేదా యనునది బీరువాలలోని పుస్తకముల సంఖ్యను బట్టి తేలదు; బడిగదిలో పిల్లలకు అలవడు సంస్కారమును బట్టి తేలును. పరీక్ష కొరకు మాత్రమే పుస్తకము తెరచిన బాలుడు, పరీక్ష ముగిసిన నాడే దానిని మూసివేయును. పుస్తకములోని మాట చేతికందు వస్తువుతో కలిసినప్పుడే చదువు మనస్సున నాటుకొనును. అందులకు నెల్లూరు తీరమున చీనాదేశ పరిచయము ఎంత తగిన సాధనమో విచారించుటయే ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము.

చీనా యనగానే పలువురికి 1962లో జరిగిన సరిహద్దు యుద్ధము స్ఫురించును. అది చరిత్రలో ఒక భాగము; పిల్లలకు దాచవలసిన పని లేదు. కాని ఒక యుద్ధము వలననే ఒక జాతిని తెలిసికొన్నవాడు, ఒక తుపాను వలననే సముద్రమును తెలిసికొన్నవాని వంటివాడు.

ఈ తీరమునకు ఆ దేశముతో గల సంబంధము మిక్కిలి పాతది. నెల్లూరు తీరమందలి కొత్తపట్నమున జరిగిన త్రవ్వకములలో చీనా పింగాణీ పాత్రల పెంకులును, చీనా నాణెములును బయల్పడినవి. ఇదే తీరమున ఉత్తరముగా నున్న మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయశాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డున పడిన పరదేశ వర్తకుల సొత్తును హరింపక, న్యాయమైన సుంకమును మాత్రమే గైకొనునట్లు కట్టడి చేసెను. శ్రీనాథుని హరవిలాసమును అంకితము గొన్న అవచి తిప్పయసెట్టి ఓడలపై తెప్పించిన సరకులలో కర్పూరపు మొక్కలును, చీనా పట్టువస్త్రములును పేర్కొనబడినవి. అనగా ఆనాటి బేహారము పట్టును, పాత్రలను మాత్రమే గాక మొక్కలను గూడ దేశములు దాటించినది.

ఈ వర్తకుల కాలమునకు ముందే ఒక చదువరి వచ్చెను. 7వ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకమున కొన్ని మాసములు నిలిచి, అచ్చటి భిక్షువుల యొద్ద శాస్త్రము నభ్యసించెను. ఆయన 645లో స్వదేశము చేరునప్పుడు వెంట గొనిపోయిన గ్రంథములు 657. బంగారమునకై గాక పుస్తకములకై ఎడారులును, పర్వతములును దాటిన ఈ మహనీయుని కథ విన్న బాలునికి, గ్రంథాలయమునకు నాలుగు వీధులు నడచుట భారముగా తోచదు.

ఆ కాలమున ఈ దేశపు గ్రంథములు తాటియాకుల మీదను, భూర్జపత్రముల మీదను వ్రాయబడుచుండెను. చీనావారు కాగితమును కనుగొనిరి. త్సాయ్‌లున్ అను రాజోద్యోగి చెట్టు బెరడు, నార, చింకి గుడ్డలు, పాత చేపల వలలు ఉపయోగించి కాగితము చేయు పద్ధతిని 105లో చక్రవర్తికి నివేదించెనని ఆ దేశ చరిత్ర చెప్పుచున్నది. అంతకు పూర్వపు కాగితపు ముక్కలును త్రవ్వకములలో దొరకినవి. కాని ఆ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినవాడు ఆయనయే. వల అల్లు ఇంటి బిడ్డకు ఈ సంగతి చెప్పి చూడవలెను. తన ఇంటి చూరున వ్రేలాడు చినిగిన వల వంటిదే ఒకనాడు పుస్తకమైనదని తెలిసినప్పుడు, పుస్తకము ఇతరుల సొత్తు అను భావము ఆ బిడ్డ మనస్సున నిలువదు. తీరప్రాంతపు బడిలో నశింపవలసిన మొదటి భావము ఇదియే.

సంప్రదాయములలో గూడ ఇట్టి సామ్యములు కలవు. పుస్తకమునకు కాలు తగిలిన కన్నుల కద్దుకొనుట తెలుగువారి యాచారము. అక్షరములు వ్రాసిన కాగితమును త్రొక్కరాదని, చెత్తలో వేయరాదని, దానిని ఏరి ప్రత్యేకముగా కాల్చుట చీనావారి పూర్వాచారము. తెలుగువారికి ప్రభవ మొదలు అక్షయ వరకు అరువది సంవత్సరములు. చీనా పంచాంగమునను అరువది ఏండ్ల చక్రమే. ఇచ్చట అధికమాసము వచ్చునట్లే అచ్చటను వచ్చును. ఎవరి నుండి ఎవరు గ్రహించిరను వాదము బడిగదిలో వలదు. రెండు పంచాంగములను ప్రక్కప్రక్కన గోడకు తగిలించి పిల్లలచే లెక్కింపజేసిన చాలును.

చీనావారు ఐదవ మాసమున ఐదవ దినమున చ్యూయువాన్ అను ప్రాచీన కవిని స్మరించి పడవపందెములు జరుపుదురు. ఆ దినమున ద్వారములకు వస ఆకులు కట్టుదురు. తెలుగు తల్లులు మాట బాగుగా వచ్చుటకై బిడ్డకు పోయు వసయే అది! ఒక కవి పేర పడవలు నడుచుట, ఒక మొక్క రెండు దేశముల గడపలలో గౌరవము పొందుట — పడవలెరిగిన పిల్లలకు ఇంతకన్న రుచికరమైన పాఠము వేరొకటి యుండునా?

రేగు జాతిది గాక మెయి అను పూలచెట్టు, ఆర్కిడ్, వెదురు, చేమంతి — ఈ నాలుగింటిని చీనా చిత్రకారులు సజ్జనుల గుణములకు గుర్తులుగా చిత్రించిరి. వీనిలో చేమంతియు, వెదురును ఇచ్చట సులభముగా లభించునవి. చేమంతిని కుండీలో పెంచవచ్చును. వసకు తడినేల కావలెను గనుక, బోరింగు నీరు పారు చోట నాటవచ్చును. ఉప్పుగాలికి ఓర్చు తాటి టెంకలను ఆవరణపు గట్టున పాతవచ్చును. తాటిచెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును. నాటిన బాలుడు దాని ఫలమును పెద్దవాడైన పిదప చూచును. చదువు ఫలించు తీరును అంతియే.

కాగితపు లాంతరులు వ్రేలాడదీసి ఒకనాడు వేడుక చేసినంత మాత్రమున సంస్కారము రాదు. ప్రతి మొక్కకు ఒక బాలుడో బాలికయో బాధ్యత వహింపవలెను. నీరు పోసిన దినము, చిగురు వేసిన దినము నోటు పుస్తకమున వ్రాయవలెను. వారమున కొక పుస్తకము గ్రంథాలయము నుండి తరగతి పేర తెచ్చి, ఒకరు చదువగా తక్కినవారు వినవలెను. విన్నదానిని మరునాడు వేరొకరు చెప్పవలెను. పొలమునగాని, చెరువు త్రవ్వుచోటగాని పాత పెంకులు కనబడినచో పారవేయక, ఉన్నచోట గుర్తించి ఉపాధ్యాయునకు చెప్పవలెను. ఆయన పురావస్తుశాఖకు తెలుపవలెను. పాతపట్నముల చరిత్ర ఇట్టి పెంకులలోనే యున్నది. రొయ్యల గుంటలకును, ఇండ్లకును నేల త్రవ్వబడు ఈ దినములలో, పెంకు విలువ నెరిగిన పిల్లవాడే దానికి కావలి.

గ్రంథాలయము చేయవలసినది స్వల్పము: పిల్లల చేతికందు ఎత్తున ఒక అర, తరగతి పేర ఒక చందా, బడి విడిచిన వేళ తెరచియుండు ఒక తలుపు. తాటియాకు ఇచ్చటిది, కాగితము అచ్చటిది. ఆ రెండింటి మీదను నిలిచినది మానవుని జ్ఞానమే. ఈ రజతోత్సవమున నాటిన టెంక చెట్టగు నాటికి, దానికి నీరు పోసిన చేతులే ఈ గ్రంథాలయమును నడుపుగాక!