న్యూయార్కు ప్రాసిక్యూటరు రాబర్టు మార్గెంథో



మన బాలురు ప్లీడర్లు కావలెనని యేటేట కోరుచున్నాము; సర్కారు పక్షమున వాదించువాని ధర్మమును మాత్రము తలంపము. అందులకే మార్గెంథోగారి వృత్తాంతమును విన్నవించుచున్నాము.

ఈయన 1975 మొదలు 2009 వఱకు న్యూయార్కు నగరమందలి మాన్‌హాటనుకు డిస్ట్రిక్టు అటార్నీ. అచ్చట నిది ప్రజలెన్నుకొను పదవి. గెలిచిన కేసులే యోట్లు తెచ్చునని వేఱుగఁ జెప్పనేల? 1989లో సెంట్రల్ పార్కునం దొక యువతిపై ఘోరమైన బలాత్కారము జరిగెను. నల్లజాతి, లాటిను కుటుంబముల బాలు రైదుగురు, 14 మొదలు 16 ఏండ్ల వారు, పోలీసుల యెదుట నిచ్చిన వాఙ్మూలములే ముఖ్యాధారముగా 1990లో దోషులుగా నిర్ణయింపఁబడిరి. డీఎన్‌ఏ పరీక్ష వారిలో నెవ్వనితోను సరిపోలనే లేదు!

2002లో వేఱొక ఖైదీ యా నేరము తనదే యనెను. డీఎన్‌ఏ పరీక్షయు వానినే చూపెను. దర్యాప్తు చేసిన పోలీసులు కొంద ఱొప్పుకొనకున్నను, తన కచేరీ గెలిచిన తీర్పులను రద్దుచేయుఁడని 83 ఏండ్ల మార్గెంథోగారే కోర్టును గోరిరి. డిసెంబరు 19న నవి రద్దయ్యెను. ఏండ్లతరబడి బాలురు చెఱలో నుండిన నింద యా కచేరీని వదలదు; అయినను ఓటమిని తానై కోరుట సామాన్యమా?

మన దేశమునఁ బోలీసున కిచ్చిన నేరాంగీకారము 1872 సాక్ష్యచట్టము ననుసరించి నిందితునిపైఁ జెల్లదు. 2023 చట్టమునను నట్లే. లా చదువునకు వేతనము లొసఁగు పోషకులు ప్రాసిక్యూటర్లు కాఁగోరు బాలురను గూడ మఱువవలదని వేఁడుచున్నాము.