పాఠం కులం అడగదు, తలుపు అడుగుతుంది
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

1916 మే 9న అమెరికాలో, కొలంబియా యూనివర్సిటీలో, పరిశోధకులు కూర్చున్న ఒక సెమినార్లో పాతికేళ్ల కుర్రాడొకడు లేచి ఒక పేపర్ చదివాడు. భారతదేశంలో కులం ఎట్లా పుట్టింది, ఎట్లా పాకింది అన్నది ఆ పేపర్. చదివింది మన బాబాసాహెబ్. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ ఇవ్వకపోతే ఆ గదిలోకి ఆయన పోగలిగేవారా? తెలివి ఆయనదే. కానీ ఆ తెలివి గది దాకా పోవడానికి దారి కావాల్సొచ్చింది. ఇవాళ నేను మాట్లాడేది ఆ దారి గురించే.

పరిశోధకులకు సంఘాలుంటాయి. కూలోళ్లకు సంఘం ఉన్నట్టే వాళ్లకీ ఉంటది. ఏటా రుసుము కట్టినోడు సభ్యుడు. ఒకప్పుడు ఈ సంఘాలు ఏడాదికోసారి సభ పెట్టి, కొత్తవాళ్లకు తరగతులు చెప్పేవి. రైలు చార్జీ ఉన్నోడు పోయి విన్నాడు, లేనోడు మానుకున్నాడు. ఇప్పుడు ఆ తరగతుల్ని రికార్డు చేసి నెట్‌లో పెడుతున్నారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు. అమెరికాలో 1916లోనే పుట్టిన విద్యా పరిశోధకుల సంఘం ఇట్లాంటి కోర్సులు పెట్టింది. సభ్యులకు ఒక ధర, బయటోళ్లకు అంతకంటే ఎక్కువ ధర.

ఇదంతా మనకెందుకు అంటారేమో. చెప్తాను.

అన్నం ఉడికిందో లేదో అమ్మ ఒక మెతుకు పట్టి చూస్తది. పరిశోధకుడు చేసేదీ అదే. వెయ్యి ఇళ్లున్న ఊళ్లో యాభై ఇళ్లు అడిగి ఊరంతా ఇట్లుంది అని రాస్తాడు. దాన్నే శాంపిల్ అంటారు. అయితే మన ఊళ్లో కుండ ఒకటి కాదు, రెండు. ఊరొక కుండ, వాడొక కుండ. సర్వేకొచ్చినోడు రచ్చబండ కాడ కూచొని, పటేలింట్లో చాయ తాగి, ఊరి కుండలో మెతుకు పట్టి చూసి, వాడ కూడా ఉడికిందని రాసుకుపోతే? ఆ కాగితమే ఢిల్లీ పోతది. ఆ కాగితాన్ని పట్టుకునే మన పింఛనూ, మన ఇల్లూ, మన రేషనూ తేలుస్తారు. ఆ లెక్క తప్పని చెప్పాలంటే లెక్క తీసే విద్య మనకు తెలియాలి. కోపంగా అరిస్తే చాలదు.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఏం చెప్పింది? ఎస్సీల్లో వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చు, కానీ దానికి లెక్కల ఆధారం చూపాలి అన్నది. మీరు ఏ పక్షమైనా కానివ్వండి, ఒక్క మాట ఆలోచించండి. మన వాటా తేల్చే లెక్కలు ఎవరు తీస్తున్నారు? ఎవరు చదువుతున్నారు? తప్పుంటే పట్టుకునేటోళ్లు మనలో ఎంతమంది?

నేను పరిశోధనలో చేరిన కొత్తలో శాంపిల్ అంటే ఏందో తెలియదు. నా పక్కనోడికి వాళ్ల నాయన ఇంట్లోనే నేర్పాడు. నేను నోరు తెరిచి అడిగితే, "ఇది కూడా రాకుండా సీటెట్లా వచ్చింది?" అన్నారు. ఆ మాటకు అర్థం మీకు వేరే చెప్పాలా? అప్పటి నుంచి అడగడం మానేశాను. రెండేళ్లు పోగొట్టుకున్నాను. అందుకే రికార్డు పాఠాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. పదిసార్లు వెనక్కి తిప్పి విన్నా అది ఎగతాళి చేయదు. పగలు కూలికి పోయినోడు రాత్రి వినొచ్చు. పాఠం కులం అడగదు. తలుపు మాత్రం అడుగుతుంది: సభ్యత్వం ఉందా? డబ్బు కట్టావా? ఇంగ్లీషు వచ్చా?

ప్రభుత్వం ఏం చేస్తున్నదో చూద్దాం. 'ఒకే దేశం ఒకే చందా' అనే పథకాన్ని 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పత్రికలు. మంచిదే. కానీ ఎవరికి? ప్రభుత్వ యూనివర్సిటీలు, ప్రభుత్వ కాలేజీలు, కేంద్ర పరిశోధనా సంస్థల్లో ఉన్నవాళ్లకు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివే మన పిల్లగాడికి లేదు. చదువు మధ్యలో ఆగిపోయిన చెల్లెకు లేదు. ఊళ్లో పనిచేసే కార్యకర్తకు లేదు. ఆ 6,000 కోట్లలో మన పన్నూ ఉంది. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం కదా! 1927లో మహద్ చెరువు కూడా కాగితం మీద అందరిదే. మున్సిపాలిటీ తీర్మానం ఉన్నా, బాబాసాహెబ్ నడిచి పోయి నీళ్లు ముట్టుకోవాల్సొచ్చింది.

మరి మనం చేయాల్సిందేంటి?

ఒకటి. తెరిచి ఉన్న తలుపుల్లోకి ముందు పోవాలి. 2017లో మొదలైన 'స్వయం'లో పాఠాలు వినడానికి పైసా అక్కరలేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. పరిశోధన ఎట్లా చేయాలో చెప్పే కోర్సులు అందులో ఉన్నాయి. 'శోధగంగ'లో మన యూనివర్సిటీల్లో రాసిన లక్షల పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు. మీ జిల్లా మీద, మీ కులం మీద ఎవరేం రాశారో వెతికి చూడండి. తప్పు రాసి ఉంటే అదీ తెలుస్తుంది.

రెండు. ఒక్కరే వినొద్దు. ఆదివారం రాత్రి కమ్యూనిటీ హాల్లో ఒక ఫోను, పదిమంది. ఇంగ్లీషు వచ్చిన పిల్ల పాఠాన్ని ఐదు నిమిషాలకోసారి ఆపి తెలుగులో చెప్పాలి. తర్వాత అదే వారం మన వాడలో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయాలి: ఎవరికి పట్టా ఉంది, ఎవరికి లేదు, ఉపాధి కూలి ఎవరికి ఎన్ని రోజులు బాకీ. చేసి చూడని విద్య నిలవదు.

మూడు. అడగాలి. చాలా పరిశోధనా సంఘాలు విద్యార్థులకు రుసుము తగ్గిస్తాయి. మన పరిశోధక విద్యార్థులు సిగ్గుపడకుండా ఉత్తరం రాయాలి. ఏడాది దాటిన పాఠాల్ని అందరికీ తెరవమని డిమాండ్ చేయాలి. ప్రజల డబ్బుతో తయారైన పాఠానికి తాళం ఉండగూడదు. అది తెలుగులో కూడా ఉండాలి.

నాలుగు. ఇది మనోళ్లకే చెప్తున్నా, కోపం తెచ్చుకోవద్దు. 1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నోళ్లను తలుచుకొని బాధపడ్డారు. చదువుకొని పైకొచ్చి, సమాజాన్ని మరిచిపోయారని. ఇవాళ మనలో డాక్టరేట్లు ఉన్నారు, ప్రొఫెసర్లు ఉన్నారు. పెద్ద సంఘాల్లో సభ్యత్వాలూ ఉన్నాయి. అయ్యా, అమ్మా, మీరు విన్న పాఠంలో సారం తీసి అరగంట మీ సొంత మాటల్లో తెలుగులో రికార్డు చేసి మన వాడలకు పంపండి. పైకి ఎక్కినోళ్లు నిచ్చెన లాగేసుకుంటే, మనకూ వాళ్లకూ తేడా ఏముంది?

మన మీద ఎవరెవరో రాశారు. మన చెప్పుల మీద, మన డప్పు మీద, మన ఆకలి మీద రాసి డాక్టర్లయ్యారు. మనం వాళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్తూ గడప మీదే కూచున్నాం. ఇకనుంచి ప్రశ్నల కాగితం మనమే రాద్దాం. ఈ ఆదివారమే మీ వాడలో మొదటి పాఠం పెట్టండి. వచ్చే తరగతికి మీ వాడ లెక్క రాసుకొని రండి.

జై భీమ్!