మతం విడిచిన మనిషికి చట్టంలో చోటు



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన జీవితమంతా సివిల్ కోర్టుల్లో గడిపిన వకీలు. మనిషి నమ్మకాల గురించి పెద్ద మాటలు మాట్లాడేవారు కాదు. భాగపంపకాల దావాలో, భరణం పిటిషన్‌లో, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న తగాదాలో ఆ నమ్మకానికి ఏ గతి పడుతుందో చూసేవారు. నేనూ ఆ దారినే నడుస్తాను. మతం విడిచే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. అంతరాత్మ స్వేచ్ఛ అన్న మాటకు అంతకన్న తక్కువ అర్థం లేదు. కాని ఆ హక్కు వాడుకున్న మర్నాడు ఆ మనిషి ఇల్లు, పొలం, పిల్లలు, కులధ్రువీకరణ పత్రం ఏమవుతాయో తేల్చేవి వేరే చట్టాలు. వాటినే ఈరోజు ముందు పెట్టుకుందాం.

కంపెనీ ప్రభుత్వం 1832లో బెంగాల్ రెగ్యులేషన్‌లో పెట్టిన ఒక సూత్రాన్ని 1850 నాటి 21వ చట్టం దేశానికంతటికీ వర్తింపజేసింది. మతం విడిచినందుకో, కులం నుంచి వెలివేసినందుకో ఎవరి ఆస్తీ, వారసత్వ హక్కూ పోకూడదు. పోతాయని చెప్పే శాస్త్రమైనా ఆచారమైనా కోర్టులో చెల్లదు. చట్టం సారాంశం ఇంతే. దీని మీద మద్రాసులో పెద్ద గొడవ జరిగింది. ముసాయిదా బయటికి వచ్చిన నాటి నుంచీ ఎదిరించినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే: గాజుల లక్ష్మీనరసు చెట్టి, క్రెసెంట్ పత్రిక స్థాపకుడు, తర్వాత 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టినవాడు. రైతుల మీద జరిగే చిత్రహింసలను బయటపెట్టడానికి పాటుపడిన ఆయనను ఛాందసుడని కొట్టిపారేయలేం. హిందూ ధర్మశాస్త్రంలో ఆస్తికీ పితృకర్మకూ ముడి ఉంది. పిండం పెట్టనివాడికి తండ్రి పొలంలో వాటా ఎందుకన్నది ఆనాటి వాదం. మిషనరీల వెనుక కంపెనీ అధికారం ఉందన్న భయం కూడా ఉత్తదేమీ కాదు. అయినా ఆ వాదం తప్పనే నా అభిప్రాయం. పొలం ఆశ చూపి మనిషిని మతంలో పట్టి ఉంచితే, అతను పెట్టే పిండంలో శ్రద్ధ ఎక్కడిది?

ఆ చట్టానికి ఒక హద్దు ఉండేది. మతం విడిచిన మనిషి హక్కును అది కాపాడింది. ఆ తర్వాత అతనికి ఏ చట్టం వర్తిస్తుందో చెప్పలేదు. ఆ ప్రశ్న బళ్లారి నుంచి లండన్ దాకా వెళ్లింది. మాథ్యూ అబ్రహాం బళ్లారిలో సారాబట్టీ, దుకాణం నడిపి బాగా గడించినవాడు. పూర్వీకులు హిందువులు, కుటుంబం క్రైస్తవం. ఆయన 1842లో చనిపోయాక ఆస్తి భార్య షార్లెట్‌దా, తమ్ముడు ఫ్రాన్సిస్‌దా అన్న తగాదా వచ్చింది. మాది అవిభక్త కుటుంబం, నాకు సగం రావాలని తమ్ముడు. మేము హిందువులం కాము, మాకు ఆ లెక్క లేదని వదినె. ప్రీవీ కౌన్సిల్ 1863లో తీర్పు చెప్పింది. మతం విడిచినవాణ్ని హిందూ ధర్మశాస్త్రం ఇక బలవంతంగా కట్టి ఉంచదు. కావాలనుకుంటే అతను పాత పద్ధతిలోనే ఉండొచ్చు, వద్దనుకుంటే విడిచిపెట్టొచ్చు. ఏది ఎంచుకున్నాడో అతను బతికిన తీరే చెబుతుంది. ఆ కుటుంబం కట్టూబొట్టూ, జీవన విధానం, వ్యాపారం నడిపిన పద్ధతి అన్నీ జడ్జీలు పరిశీలించారు. ఎంపిక మనిషికే వదిలిన తీర్పు అది. నూట అరవై ఏళ్లు దాటినా మన శాసనసభలు ఆ గీత దాటి ముందుకు వెళ్లలేదని నాకు బాధ.

వెళ్లకపోగా వెనక్కి వచ్చాం. 1955, 56 సంవత్సరాల హిందూ చట్టాలు ఎన్నో విధాల గొప్పవి. ఆడపిల్లకు వాటా, భార్యకు విడాకులు ఇచ్చినవి అవే. కాని మతం మారినవారి దగ్గరికి వచ్చేసరికి వాటి చేయి బిగిసింది. వారసత్వ చట్టం 26వ సెక్షన్ ప్రకారం మతం మారిన మనిషికి ఆస్తి వస్తుంది. మారిన తర్వాత పుట్టిన బిడ్డలకు మాత్రం, వారసత్వం ఏర్పడే నాటికి వాళ్లు హిందువులైతే తప్ప, హిందూ బంధువుల ఆస్తి రాదు. తండ్రి నిర్ణయానికి మనవడు మూల్యం చెల్లిస్తాడు. దత్తత, భరణాల చట్టం 18వ సెక్షన్ భర్త నుంచి వేరుగా ఉంటూ భరణం అడిగే హక్కును ఇద్దరు భార్యలకు నిరాకరించింది: శీలం తప్పిన భార్యకు, మతం మారిన భార్యకు. ఇద్దరినీ ఒకే వాక్యంలో నిలబెట్టింది. 24వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లి, మతం మారి హిందువు కాకుండా పోయిన ఎవరూ ఆ అధ్యాయం కింద భరణం అడగకూడదంది. అంటే బాప్తిస్మం తీసుకున్న ముసలి తల్లి కూడా. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ స్థానంలో 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం మతం అడగవు కాబట్టి ఆ తల్లికి వేరే దారి ఉంది. ఉంది గనుక పాత సెక్షన్ అలాగే ఉండనివ్వాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మైనర్ల సంరక్షణ చట్టం 6వ సెక్షన్ ఒక్కసారి దగ్గరగా చూడండి. హిందూ బిడ్డకు సహజ సంరక్షకులు తండ్రి, ఆ తర్వాత తల్లి. ఆ హోదా పోయేది ఎవరికి? హిందువు కాకుండా పోయినవారికి, సంసారం పూర్తిగా త్యజించి వానప్రస్థులో, యతులో, సన్యాసులో అయినవారికి. సన్యాసి సంసారం వదిలాడు కాబట్టి బిడ్డ బాధ్యతా వదిలాడు. అందులో న్యాయం ఉంది. మతం మారిన తల్లి సంసారం వదల్లేదు. పొద్దున లేచి ఆ బిడ్డకే జడ వేస్తుంది, స్కూలు ఫీజు కట్టుకుంటుంది, రాత్రి జ్వరమొస్తే ఆసుపత్రికి ఎత్తుకుపోతుంది. ఆమెను సన్యాసి పక్కన కూర్చోబెట్టడానికి ఏ కారణమూ కనబడదు. బిడ్డ క్షేమమే ప్రధానమని అదే చట్టం 13వ సెక్షన్ చెబుతోంది కాబట్టి మంచి జడ్జి దొరికితే ఆమె గెలుస్తుంది. కోర్టుకు వెళ్లే స్తోమత ఉంటే.

ఇక్కడొక విషయం గమనించాలి. ఈ సెక్షన్లన్నీ అడిగేది వేరే మతంలోకి మారారా అని. ఏ మతంలోకీ పోకుండా, దేవుడే లేడన్న హిందూ ఇంటి బిడ్డకు ఇవేవీ తగలవు. ముస్లిం, క్రైస్తవ, పార్శీ, యూదులు కాని వారందరినీ ఈ చట్టాలు హిందువుల లెక్కలోనే వేసుకున్నాయి. గోరా గారు నాస్తికుడైనందుకు 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. తర్వాత బందరు హిందూ కాలేజీలోనూ అదే తంటా. 1940లో ముదునూరు చేరి నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. అది చిన్న మూల్యం కాదు. కాని నాస్తికత్వం వల్ల తండ్రి ఆస్తి ఎటుపోతుందోనన్న ప్రశ్న ఇవాళ్టి తెలుగు నాస్తికుడిని వేధించదు. అదే ప్రశ్న ముస్లిం కుటుంబంలో పుట్టి నమ్మకం వదిలిన మహిళను జీవితాంతం వెంటాడుతుంది. ముస్లిం న్యాయంలో కూతురి వాటా కొడుకు వాటాలో సగం. వీలునామా రాసుకునే స్వేచ్ఛ మామూలుగా ఆస్తిలో మూడోవంతుకే. నమ్మకం లేని తండ్రి, నమ్మకం లేని కూతురు ఉన్న ఇంట్లో ఆ లెక్క ఎందుకు నడవాలి? మాకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తింపజేయండని కేరళ మాజీ ముస్లింల సంఘం నుంచి ఒక మహిళ వేసిన పిటిషన్‌పై 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నోటీసులిచ్చింది. పెద్ద వారసత్వ సంస్కరణ కాదు ఆమె కోరింది. బళ్లారి తీర్పులో ఉన్న ఎంపికనే.

ఇస్లాం విడిచిన భార్య గురించి 1939లో ఒక చట్టం చేశాం. అంతకుముందు, మతం విడిస్తే పెళ్లి దానంతటదే రద్దవుతుందన్న అభిప్రాయం కోర్టుల్లో ఉండేది. దుర్మార్గుడైన భర్త నుంచి బయటపడటానికి వేరే దారిలేక కొందరు ఆడవాళ్లు మతమే వదిలేశారు. ముస్లిం మహిళలకు విడాకుల కారణాలు వరుసగా రాసిచ్చిన ఆ చట్టం, 4వ సెక్షన్‌లో మతం విడిచినంత మాత్రాన పెళ్లి రద్దు కాదంది. ఆ చట్టంలో నాకు నచ్చేది దాని క్రమం: ముందు విడాకుల దారి తెరిచి, ఆ తర్వాతే మతంతో పెళ్లికున్న ముడి విప్పింది.

దళితుల విషయంలో మూల్యం ఇంకా నేరుగా పడుతుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే పరిమితం. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవంలోకి వెళ్లినవారికి మన దగ్గర బీసీ-సి సర్టిఫికెట్, ఒక శాతం రిజర్వేషన్. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ సీటు విషయం సుప్రీంకోర్టుకు చేరింది. తల్లిదండ్రులు క్రైస్తవులయ్యాక పుట్టిన విద్యార్థి హిందూమతంలోకి వచ్చి ఎస్సీ సీటు అడిగాడు. మతంలోకి తిరిగి రావొచ్చు, పాత కులంలో చోటు మాత్రం ఆ కులస్థులు ఒప్పుకుంటేనే అని కోర్టు చెప్పింది. డాక్టరు చదవాలనుకున్న కుర్రవాడి తలరాత కులసంఘం అంగీకారం మీద ఆధారపడింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు చెల్లదంది, మతం మారాక ఎస్సీ హోదా లేదు కాబట్టి. తిట్టినవాడు ఆ మనిషి మతం అడిగి తిట్టడు. ఊరికి బయట నిలబెట్టిన కులం చర్చి గుమ్మం దాటగానే మాయమవుతుందని పల్లెలో బతికిన వారెవరూ అనలేరు.

ఇక మతం మారేవారు ప్రభుత్వానికి ఇవ్వాల్సిన నోటీసుల సంగతి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మతమార్పిడి నిరోధక చట్టం లేదు. ఉత్తరప్రదేశ్‌లో 2021 చట్టం ప్రకారం మతం మారదలచినవారు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలి. పోలీసు విచారణ జరుగుతుంది. మారాక ఇంకో ప్రకటన, అది ఆఫీసు నోటీసు బోర్డు మీద. ఇల్లు విడిచి వచ్చిన అమ్మాయి పేరు, ఊరు అలా గోడకెక్కితే ఆమె వెనక ఎవరు బయల్దేరతారో ఊహించడం కష్టం కాదు. బలవంతపు మార్పిడి జరిగితే శిక్షించాల్సిందే. దానికోసం ప్రతి మనిషి అంతరాత్మనూ కలెక్టరాఫీసులో నమోదు చేయక్కర్లేదు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు 2012లో ఇలాంటి ముందస్తు నోటీసును కొట్టేసింది. నమ్మకాన్ని తనలోనే దాచుకునే హక్కు మనిషికి ఉందంది. ఆ రాష్ట్రమే 2019లో కొత్త చట్టంతో నోటీసు మళ్లీ తెచ్చింది.

మతం లేదని చెప్పుకునే హక్కు మాత్రం మెల్లగా గట్టిపడుతోంది. మేం క్రైస్తవులం కాము, మాకే మతమూ లేదు అని గెజెట్‌లో వేయమన్నవారిని ప్రభుత్వ ముద్రణాలయం తిప్పి పంపితే, అలా పంపకూడదని 2014లో బొంబాయి హైకోర్టు తీర్పిచ్చింది. బిడ్డ జనన ధ్రువీకరణకు కులం లేదు, మతం లేదు అన్న గడి ఉండాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. 2011 జనగణనలో మతం చెప్పనివారు దాదాపు 28.7 లక్షలు. గడి దొరికితే ఆ సంఖ్య ఎటు పోతుందో చూడాలి.

నేను కోరేవి చిన్నవే. భరణం చట్టం 18, 24 సెక్షన్లలోంచి, సంరక్షణ చట్టం 6వ సెక్షన్‌లోంచి మతం మారినవారి ప్రస్తావన తీసేయాలి. వారసత్వ చట్టం 26వ సెక్షన్ రద్దు చేయాలి. ఏ మతంలో పుట్టినా, నేను భారత వారసత్వ చట్టం కిందికి వస్తానని సబ్‌రిజిస్ట్రారు దగ్గర రాసిచ్చే వీలుండాలి. ఆ కాగితంలో కారణం అడగకూడదు, నోటీసు బోర్డుకు అతికించకూడదు. అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు చేసేవారిని మతం అడగడం మానాలి. వీటిలో ఒక్కదానికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.